మీకు తెలుసా? పరాయి ఊళ్లో పలక పట్టిన పంతుళ్లు

చైనాలో ఇంగ్లిషు టీచరు ఉద్యోగం కావాలంటే అన్నిటికన్నా ముందు చూసేది పాస్‌పోర్టు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. సాధారణంగా ఈ ఏడు దేశాలవాళ్లకే ఆ ఉద్యోగానికి వర్క్ పర్మిట్ దొరుకుతుంది. ఆపైన డిగ్రీ, రెండేళ్ల అనుభవమో టీచింగ్ సర్టిఫికెట్టో, కేసులేమీ లేవని పోలీసుల కాగితం. జగదల్‌పూర్‌లో ఇంగ్లిషు ఎమ్మే చేసిన అమ్మాయికైనా, బెజవాడలో ఏళ్ల తరబడి గ్రామరు చెబుతున్న మాస్టారికైనా ఆ తలుపు దాదాపు మూసే ఉంటుంది. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. ఇంట్లో వినని భాషను కష్టపడి నేర్చుకున్నవాళ్లకే అది పిల్లలకు ఎక్కడ అడ్డం తిరుగుతుందో బాగా తెలుస్తుంది.

చైనా బళ్లలో మూడో తరగతి నుంచే ఇంగ్లిషు మొదలుపెట్టాలని 2001లో నిర్ణయించారు. దాంతో కోచింగ్ సెంటర్లు వీధివీధికీ వెలిశాయి. కంప్యూటరు ముందు కూర్చుని అమెరికా నుంచే చైనా పిల్లలకు పాఠాలు చెప్పినవాళ్లు వేలల్లో ఉండేవారు. 2021 జులైలో చైనా ప్రభుత్వం పిల్లల మీద చదువు బరువు తగ్గిస్తామంటూ లాభం కోసం నడిచే ట్యూషన్లకు కళ్లెం వేసింది. విదేశాల్లో కూర్చుని ఆన్‌లైన్ పాఠాలు చెప్పేవాళ్ల కొలువులు ఆ దెబ్బతో పోయాయి.

మనవాళ్లకు అక్కడ తలుపు తెరిచింది ఇంకో చదువు. 2015లో కున్‌మింగ్ నగరంలో, యున్నాన్ మిన్‌జు విశ్వవిద్యాలయంలో, భారత-చైనా యోగా కళాశాల మొదలైంది. చైనా నగరాల్లో యోగా నేర్పే భారతీయ గురువులు ఈనాటికీ చాలామందే ఉన్నారు.

ఊరు వదిలి, భాష తెలియని చోట పాఠం చెప్పడానికి వెళ్లినవాళ్ల సంగతులు వెతుకుతుంటే నాకు పదే పదే ఎదురైన పేరు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్. గోండీ, హల్బీ, భత్రీ, ధుర్వా, దోర్లీ వినిపించే ఈ అడవి సీమలోకి ఒక్కొక్కరు ఒక్కో దిక్కు నుంచి వచ్చారు. అక్కడ నిలదొక్కుకున్నవాళ్లందరిలో ఒక గుణం కనిపిస్తుంది. నేర్పడానికి ముందు తాము కూర్చుని నేర్చుకున్నారు.

తెలుగును గమనించిన చైనా యాత్రికుడు

హ్యుయాన్‌త్సాంగ్ మన ప్రాంతాల మీదుగా నడిచాడని బళ్లో చదువుకున్నాం. ఏ దారిన వచ్చాడో చాలామందికి గుర్తుండదు. 7వ శతాబ్దంలో కళింగం నుంచి కోసల చేరుకున్నాడు. అది శ్రీరాముడి అయోధ్య ఉన్న కోసల కాదు, దక్షిణ కోసల, అంటే నేటి ఛత్తీస్‌గఢ్ వైపు. అక్కడి నుంచి దక్షిణంగా పెద్ద అడవిలో 900 ‘లీ’ల (పాత చైనా దూరపు కొలత) దూరం నడిచి ఆంధ్రం చేరానని రాసుకున్నాడు. ఛత్తీస్‌గఢ్ మైదానానికీ గోదావరికీ నడుమ ఉన్న పెద్ద అడవి ఏదో మ్యాపు చూస్తే తెలిసిపోతుంది.

ఆయన రాతల్లో ఇంకో ముత్యం ఉంది. ఆంధ్రంలో మాట్లాడే భాష మధ్యదేశపు భాషకు వేరుగా ఉందనీ, లిపి మాత్రం చాలావరకు ఒకటేననీ గమనించాడు. నన్నయ పుట్టడానికి దాదాపు నాలుగు వందల ఏళ్ల ముందు, ఒక చైనా సన్యాసి మన భాష వేరన్న సంగతి చెవితో పట్టుకున్నాడు.

అన్నట్టు, బస్తర్‌లోని బార్సూరులో నాగవంశపు రాణి గంగమహాదేవి వేయించిన శాసనం తెలుగులో ఉంది. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల కిందట ఆ అడవుల నడిబొడ్డున తెలుగు రాసేవాళ్లూ చదివేవాళ్లూ ఉన్నారన్నమాట. అక్కడ తెలుగు కొత్త చుట్టం కాదు.

ఇంటికి పోనివ్వని సముద్రం

చైనాకు చదువు చెప్పడానికి వెళ్లిన భారతీయుల్లో నన్ను అందరికన్నా ఎక్కువగా కదిలించేది పరమార్థుడు. 499లో ఉజ్జయినిలో పుట్టాడు. బౌద్ధ పండితులను పంపమని చైనా దూతలు వచ్చి అడిగితే, ఓడెక్కి, 546లో నేటి గ్వాంగ్‌జౌ రేవులో దిగాడు. లియాంగ్ వంశపు వూ చక్రవర్తి ఆదరంగా రాజధానికి పిలిపించుకున్నాడు. 548లో పరమార్థుడు రాజధాని చేరాడు, ఆ ఏడాదే హౌ జింగ్ అనే సేనాని తిరగబడ్డాడు. ఆశ్రయమిచ్చిన చక్రవర్తి మరుసటి ఏడాది పోయాడు. పంతులుగారికి ఊరూరా తిరగడమే మిగిలింది.

ఆ తిరుగుళ్లలోనే చైనా భాష ఎంత బాగా పట్టుబడిందంటే, చివరికి దుబాసీ అవసరం లేకుండా తానే వివరించి చెప్పేవాడని శిష్యులు రాశారు. అయినా ఇంటి మీద బెంగ తీరలేదు. అరవై దాటాక ఓడెక్కి బయల్దేరాడు. గాలి ఎదురు తిరిగి ఆ ఓడ మళ్లీ గ్వాంగ్‌జౌ తీరానికే కొట్టుకొచ్చింది. ఇక నా రాత ఇక్కడే అనుకుని కూర్చుని, వసుబంధుడి అభిధర్మకోశం వంటి పెద్ద గ్రంథాలను శిష్యులతో కలిసి చైనా భాషలోకి తెచ్చాడు. 568లో ప్రాణం తీసుకోబోతే శిష్యులు పరుగున వెళ్లి ఆపారు. 569లో అక్కడే కన్నుమూశాడు. తూర్పు ఆసియా బౌద్ధానికి ఆయన అనువాదాలు పునాదిరాళ్లు. ఆ పని వెనక ఎంత ఒంటరితనం ఉందో మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యమైనా లేదు. ఉండాలని నా కోరిక.

1938లో ఇంకో ఓడ బొంబాయి నుంచి బయల్దేరింది. జపాను దాడిలో గాయపడ్డ చైనాకు వైద్య సాయంగా కాంగ్రెస్ పార్టీ పంపిన అయిదుగురు డాక్టర్లు అందులో ఉన్నారు. నాగపూర్ నుంచి డాక్టర్ చోల్కర్, షోలాపూర్ నుంచి ద్వారకానాథ్ కోట్నీస్, వాళ్లతో అటల్, బసు, ముఖర్జీ. కోట్నీస్ వైద్యం చేయడంతో ఆగలేదు, చైనా భాష నేర్చుకుని ఆ భాషలోనే విద్యార్థులకు శస్త్రచికిత్స పాఠాలు చెప్పాడు, పాఠ్యపుస్తకం రాయడానికి కూర్చున్నాడు. 1942 డిసెంబరు 9న, 32 ఏళ్ల వయసులో, అక్కడే పోయాడు. షిజియాజువాంగ్‌లో ఆయన సమాధికి ఇప్పటికీ పూలు పెడతారు.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిషు పట్టాతో బస్తర్‌కు

ఇంగ్లిషు వదిలేసి ఇక్కడి చదువు నేర్చుకున్న ఇంగ్లిషువాడి సంగతి ఇప్పుడు. వెరియర్ ఎల్విన్ 1902లో డోవర్‌లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కాలేజీలో ఇంగ్లిషు సాహిత్యంలో ఫస్ట్ క్లాసు, ఆ తర్వాత మతశాస్త్రంలో ఇంకో ఫస్ట్ క్లాసు. కోరుకుంటే ఇంగ్లండ్‌లోనే హాయిగా పాఠాలు చెప్పుకుంటూ బతికేవాడు. 1927లో క్రైస్తవ సేవ కోసం పుణె వచ్చాడు, గాంధీజీ వైపు మొగ్గాడు, 1932లో మిత్రుడు శామ్‌రావ్ హివాలేతో కలిసి మాండ్లా జిల్లా కరంజియాలో గోండుల మధ్య గుడిసె వేసుకుని బడి పెట్టాడు. 1940 ప్రాంతంలో బస్తర్ సంస్థానానికి వచ్చి, చిత్రకోట జలపాతం దగ్గర మకాం పెట్టుకుని ఊళ్లు తిరిగాడు.

అలా తిరుగుతున్నప్పుడు కనిపించింది ఘోటుల్. నారాయణపూర్, కొండగావ్ వైపు మురియా గోండుల ఊళ్లలో పెళ్లికాని పిల్లలంతా సాయంత్రం చేరే ఇల్లు అది. చుట్టూ దడి, నడుమ ఊడ్చిన వాకిలి, చెక్కిన స్తంభాలు, తక్కువ ఎత్తు చూరు. కుర్రాళ్లను చేలిక్ అనీ, అమ్మాయిలను మోటియారీ అనీ పిలుస్తారు. ప్రతివాళ్లకీ అక్కడ ఒక కొత్త పేరు, ఒక హోదా. సిర్దార్ పెత్తనం చూస్తాడు, అమ్మాయిల పెద్దను బెలోసా అంటారు. చీకటి పడగానే కుర్రాళ్లు తలా ఒక కట్టె తెచ్చి మంట దగ్గర పడేయాలి, తేనివాడికి జరిమానా. వాకిలి చిమ్మడం అమ్మాయిల వంతు. ఊళ్లో పెళ్లయినా, జాతరయినా పని అందుకునేది ఘోటుల్ పిల్లలే. పాట, డోలు, ఆట, పెద్దల ముందు మసలుకునే తీరు, తగువు తీర్చుకోవడం, అన్నీ పెద్ద పిల్లలను చూసి చిన్నపిల్లలు నేర్చుకుంటారు. అమ్మాయిలు జడలో తురుముకునే చెక్క దువ్వెనలు కుర్రాళ్లు చెక్కి ఇచ్చినవే. ఒక్కో దువ్వెన మీది గీతలను ఎల్విన్ ఎంత ఓపికగా బొమ్మలు గీయించి అచ్చు వేయించాడో చూస్తే, ఆ మనిషి ఎంత శ్రద్ధగల విద్యార్థో తెలుస్తుంది.

1947లో వచ్చిన ఆయన పుస్తకం ‘ది మురియా అండ్ దెయిర్ ఘోటుల్’. ఘోటుల్ అనగానే బయటివాళ్లు యువతీయువకుల సంగతే మాట్లాడతారు, కెమెరాలు పట్టుకుని వెళ్లి దాన్ని చెడగొట్టినవాళ్లూ ఉన్నారు. పంతులు లేకుండా నడిచిన బడిగా దాన్ని చూడాలి. లింగో అనే ఆదిపురుషుడు దాన్ని మొదలుపెట్టాడనీ, వాద్యాలన్నీ ఆయనే నేర్పాడనీ మురియాల నమ్మకం. ఎల్విన్ 1954లో భారత పౌరసత్వం తీసుకున్నాడు, 1964లో ఢిల్లీలో కన్నుమూశాడు. ఆయన ఆత్మకథకు మరుసటి ఏడాది సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది.

బడి మీద కోపమెందుకొచ్చింది?

1910లో బస్తర్‌లో భూమ్‌కాల్ తిరుగుబాటు జరిగింది. నేతానార్ ఊరి ధుర్వా వీరుడు గుండాధుర్ పేరు ఇప్పటికీ అక్కడ ఇంటింటా తెలుసు. అడవిని రిజర్వు చేయడం, వెట్టి, పెంచిన శిస్తులు జనాన్ని రగిల్చాయి. తిరుగుబాటులో బజార్లతో, పోలీసు ఠాణాలతో పాటు బళ్లను కూడా తగలబెట్టారు. పిల్లల్ని బలవంతంగా బడికి లాక్కుపోవడం కూడా జనం ఫిర్యాదుల్లో ఒకటి. వచ్చిన పంతులికి వాళ్ల మాట రాదు, వాళ్లకు పంతులి మాట అర్థం కాదు. చదువు మీద వైరంతో ఎవరూ బడికి నిప్పు పెట్టరు. ఆ బడిలో వాళ్లకు సర్కారు మొహమే కనిపించి ఉంటుంది.

ఇదే ధుర్వాల భాషను ‘పర్జీ’ పేరుతో శాస్త్రీయంగా నమోదు చేసిన పుస్తకం 1953లో వచ్చింది. రాసింది ఆక్స్‌ఫర్డ్ సంస్కృతాచార్యుడు టి. బరో, మన దేశపు పరిశోధకుడు ఎస్. భట్టాచార్య. మన భాషాశాస్త్రవేత్తలు ద్రావిడ ధాతువులు వెతకాలంటే ఇప్పటికీ తెరిచే నిఘంటువు బరో, ఎమెనోలు 1961లో తెచ్చినదే.

శత్రుదేశపు పాస్‌పోర్టుతో గోండీ వాచకాలు

బస్తర్ నుంచి గోదావరి దాటి ఇవతలికి వస్తే ఆదిలాబాద్ గోండుల సీమ. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీమ్ నేలకొరిగాక, గోండుల కోపానికి కారణమేమిటో తేల్చాలని నిజాం ప్రభుత్వం ఒక మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయనే క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. పుట్టింది వియన్నాలో. ఆస్ట్రియాను హిట్లర్ కలిపేసుకోవడంతో చేతిలో మిగిలింది జర్మన్ పాస్‌పోర్టు. యుద్ధం మొదలవగానే బ్రిటిషు వాళ్ల లెక్కలో శత్రుదేశస్థుడయ్యాడు. హైదరాబాద్ రాజ్యం దాటి పోకూడదన్న షరతుతో ఆయన్ను బయట ఉండనిచ్చారు.

ఆ షరతును ఆయనా, భార్య బెట్టీ ఎలా వాడుకున్నారో చూడండి. నేటి ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలోని మార్లవాయి అనే గోండు గూడెంలో కాపురం పెట్టారు. 1943లో అక్కడే గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ మొదలైంది. బయటి నుంచి పంతుళ్లను తెచ్చే బదులు గోండులనే పంతుళ్లను చేయాలన్నది ఆలోచన. వాచకాలు గోండీలో, దేవనాగరి లిపిలో తయారయ్యాయి. మొదట అమ్మ భాషలో అక్షరాలు దిద్ది, ఆ తర్వాత రాజ్యంలోని మిగతా భాషలకు వెళ్లాలి. అక్కడ తయారైన యువకులు గూడేల్లో బళ్లు తెరిచారు, కొందరు గిర్దావర్లు, గుమాస్తాలు అయ్యారు. పట్టా కాగితం మీద ఏముందో తమవాడే చదివి చెప్పగలగడం ఆ రోజుల్లో గోండులకు ఎంత ధైర్యమిచ్చిందో భూమి పోగొట్టుకున్న కుటుంబాలను అడగాలి. ఆ జిల్లాలోనే పనిచేసిన అధికారి సేతుమాధవరావు పగడి కూడా గోండీ పట్టుబట్టి నేర్చుకుని, ఆ భాష గురించి రాశాడు.

బెట్టీ 1987 జనవరిలో హైదరాబాద్‌లో పోయారు. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. హైమెన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో చనిపోతే ఆయన అస్థికలు కూడా తర్వాత అక్కడికే చేరాయి. ఏటా జనవరిలో ఊరివాళ్లు ఇద్దరికీ వర్ధంతి జరుపుతారు.

డిమ్రాపాల్ తాతయ్య

ధర్మపాల్ సైనీ మధ్యప్రదేశ్‌లోని ధార్ వైపు మనిషి, వినోబా భావే శిష్యుడు. 1976లో బస్తర్ వచ్చి జగదల్‌పూర్ దగ్గర డిమ్రాపాల్‌లో ఆడపిల్లల కోసం బడి, హాస్టలు పెట్టారు. ఆ సంస్థ పేరు మాతా రుక్మిణీ సేవా సంస్థాన్. గోండు పిల్లలు కొండలెక్కి, మైళ్లు నడిచి అలసట లేకుండా వస్తుంటే చూసి, వాళ్లను పరుగు పందేలకు తయారు చేశారు. స్వయంగా క్రీడాకారుడు కనుక ఆ కన్ను ఉంది ఆయనకు. ఆడపిల్లలు అక్కడి నుంచి పతకాలతో పాటు నర్సు, టీచరు కొలువులకు వెళ్లారు. 1992లో పద్మశ్రీ.

2021 ఏప్రిల్‌లో బీజాపూర్ జిల్లా తర్రెం దగ్గర జరిగిన ఎదురుకాల్పుల్లో 22 మంది జవాన్లు చనిపోయారు, ఒక కమాండోను మావోయిస్టులు పట్టుకుపోయారు. అతన్ని విడిపించి తెచ్చే బాధ్యతను ప్రభుత్వం తొంభై దాటిన ఈ మాస్టారికీ, గోండ్వానా సమాజ్ పెద్ద తెలం బోరయ్యకూ అప్పగించింది. అడవిలోకి వెళ్లి, ఏప్రిల్ 8న జవానును వెంటబెట్టుకుని వచ్చారు. అటూ ఇటూ తుపాకులున్న చోట ఒక బడి పంతులి మాట చెల్లింది.

మిరపచేల మీదుగా తెలుగులోకి

జగదల్‌పూర్ నుంచి సుక్మా, కోంటా, చింతూరు, భద్రాచలం మీదుగా విజయవాడ వైపు వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి మీద బస్సెక్కితే, భాష మెల్లగా మారడం చెవికి తెలుస్తుంది. కోంటా సంతలో బేరం తెలుగులోనే సాగుతుంది. గోండీ, తెలుగు రెండూ ద్రావిడ భాషల్లో ఒకే శాఖవి, కనుక అక్కడి చెవికి మన భాష మరీ పరాయిది కాదు. ఏటా మిరపకాయ కోతల కాలంలో బస్తర్ నుంచి కూలీలు ములుగు, భద్రాద్రి జిల్లాల చేలకు వస్తారు, కోత అయ్యాక వెళ్లిపోతారు.

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం అనే సాయుధ దళాలు మొదలయ్యాక మాత్రం వేల మంది వెనక్కి వెళ్లలేని పరిస్థితిలో గోదావరి లోయకు వచ్చారు. మనవాళ్లు గుత్తికోయలంటారు వాళ్లను. అడవిలో ఆకు గుడిసెలు వేసుకున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డ్ తెగ వాళ్లే అయినా, ఇక్కడ ఆ గుర్తింపు కాగితం పుట్టదు. దాంతో భూమి హక్కూ లేదు, పిల్లల చదువుకు దక్కాల్సిన రాయితీలూ లేవు. ఇంట్లో కోయ మాట వినే పిల్లవాడు తెలుగు మీడియం బళ్లో కూర్చుంటాడు. పంతులమ్మ ‘పుస్తకం తీయండి’ అంటే పక్కవాడు తీస్తున్నాడా అని చూసి తీస్తాడు. ఇలా చూసి తీయడంతోనే మొదటి ఏడాది గడిచిపోతుంది. ఆ పిల్లవాడికి బుర్ర లేదని రిజిస్టర్లో తేల్చేసే ముందు, ఆ పంతులమ్మకు నాలుగు కోయ మాటలు నేర్పే ఏర్పాటు చేయాల్సింది మనం.

ఆ ఏర్పాటు ఒకసారి జరిగింది కూడా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలైంది. గోండీ, కోయ, కొలామీ, కొండ, కువి, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వేశారు. పిల్లలు మొదట తమ భాషలో చదివి, మెల్లగా తెలుగుకు రావాలి. దేశంలోనే ముందుగా ఇలాంటి పనికి దిగిన రాష్ట్రాల్లో మనది ఒకటి. ఎందుకో దాన్ని మనమే మరిచిపోయాం. ఈలోగా ఆదిలాబాద్ గుంజాల గ్రామంలో దొరికిన గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. హైదరాబాద్ పండితుడు జయధీర్ తిరుమలరావు బృందం ఆ రాతప్రతులను వెలుగులోకి తెచ్చింది.

అటు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020లో స్వామి ఆత్మానంద్ పేరుతో ఉచిత ఇంగ్లిషు మీడియం బళ్లు తెరవడం మొదలుపెట్టింది, బస్తర్ జిల్లాల్లోనూ వచ్చాయి. సీట్ల కోసం తల్లిదండ్రులు పోటీ పడ్డారు. ఇంగ్లిషు కావాలన్న వాళ్ల కోరికను తప్పుపట్టే హక్కు మనకెవరికీ లేదు. మన పిల్లలను ఏ మీడియంలో వేశామో మనకు తెలుసు.

ఇంకొక్క సంగతి. మావోయిస్టులకూ బలగాలకూ నడుమ జరిగిన పోరులో కూలిన, మూతపడిన వందల బళ్లను గత కొన్నేళ్లలో బీజాపూర్, సుక్మా జిల్లాల్లో మళ్లీ తెరిచారు. బయటి టీచర్లు రాని ఊళ్లలో పాఠాలు చెబుతున్నది శిక్షాదూత్‌లు, అంటే ఆ ఊరి చదువుకున్న కుర్రాళ్లే. చాలాచోట్ల ఊరివాళ్లు వేసిన పాకే బడి. వాళ్లకు పర్మినెంటు ఉద్యోగం లేదు, ఇచ్చేది గౌరవ వేతనం. పిల్లల భాష వాళ్లకు పుట్టుకతోనే వచ్చు కనుక మొదటి రోజు నుంచే పాఠం నడుస్తుంది. 2025లో వాళ్లలో కొందరిని ఇన్‌ఫార్మర్లన్న నెపంతో మావోయిస్టులు చంపేశారు. ఆ తర్వాత కూడా మిగిలినవాళ్లు బడికి వెళ్తూనే ఉన్నారు. వాళ్లను రెగ్యులర్ టీచర్లుగా తీసుకోవాలి, చనిపోయినవాళ్ల కుటుంబాలను టీచరు కుటుంబాలుగానే ఆదుకోవాలి.